డీజిల్ అనేది ఒక మనిషి పేరు



వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం ఉండడం మన ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి తమ్ముళ్ళు ఎన్నోసార్లు చక్కగా రాశారు. ఈసారి ఆ పేజీలు మాకు అప్పగించారు. మేము ముగ్గురం ద్వారకా తిరుమల సాంఘిక సంక్షేమ వసతి గృహంలో పదో తరగతి దాకా చదివాం. తరువాత ఐటిఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చేసి, ఇంజన్ల షెడ్డుల్లో పని చేసుకుని బతుకుతున్నాం. అందుకే మా పనికి మూలపురుషుడైన ఒకాయన గురించి రాద్దామనుకున్నాం.

ఆయన పేరు మీరు ఎన్నోసార్లు పలికి ఉంటారు. భీమడోలు వెళ్ళే బస్సులో, మెట్ట పొలాల్లో దున్నే ట్రాక్టరులో, కొల్లేరు చేపల చెరువుల గట్ల మీద నీళ్ళు తోడే ఆయిల్ ఇంజనులో ఆయన పేరే ఉంది. ఐటిఐలో చేరేదాకా మాకూ ఆ సంగతి తెలియదు. డీజిల్ అంటే కిరసనాయిలు లాంటి ఒక నూనె అనుకునేవాళ్ళం. అది నూనె పేరు కాదనీ, రుడాల్ఫ్ డీజిల్ అనే మనిషి పేరనీ తెలిసిన రోజు మాకు భలే ఆశ్చర్యం కలిగింది. ఆయన కూడా చిన్నతనంలోనే ఇల్లు వదిలి, పరాయి పంచన ఉండి, స్కాలర్‌షిప్పు మీద చదువుకున్నవాడని తెలిశాక ఆయన మనవాడే అనిపించింది.

బాల్యం

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న ఫ్రాన్సు రాజధాని పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు థియోడర్, ఎలీజ్ జర్మన్లు. బతుకుతెరువు కోసం పారిస్ వచ్చి స్థిరపడ్డారు. తండ్రిది పుస్తకాల బైండింగు వృత్తి. తరువాత తోలు సంచులు, పర్సులు కుట్టి అమ్మేవాడు. ముగ్గురు పిల్లల్లో రుడాల్ఫ్ రెండోవాడు. తండ్రి చేసిన సరుకును తోపుడు బండి మీద పెట్టుకుని దుకాణాలకు చేరవేయడం ఆ పిల్లవాడి పని. తీరిక దొరికితే పారిస్‌లోని యంత్రాల ప్రదర్శనశాలకు వెళ్ళి, అక్కడి పాత ఆవిరి బండిని చూస్తూ నిలబడేవాడట. బడిలో తెలివైన విద్యార్థి. 12 ఏళ్ళ వయసులో కంచు పతకం కూడా సంపాదించాడు.

అదే సంవత్సరం, అంటే 1870లో, ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. పారిస్‌లోని జర్మన్ల బతుకు ఒక్కసారిగా తలకిందులైంది. డీజిల్ కుటుంబం చేతికి అందిన సామానుతో లండన్ చేరింది. అక్కడ పూట గడవడమే కష్టమైంది. చివరికి తల్లి గుండె రాయి చేసుకుని, 12 ఏళ్ళ రుడాల్ఫ్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణంలో బంధువుల ఇంటికి పంపింది. యుద్ధ సమయం కావడంతో రైళ్ళు సరిగా లేవు. ఆ పిల్లవాడు ఒంటరిగా రోజుల తరబడి ప్రయాణం చేశాడు.

తమ్ముళ్ళారా, ఐదో తరగతి పూర్తికాగానే ట్రంకు పెట్టె పట్టుకుని, అమ్మ చెయ్యి వదిలి హాస్టల్ గేటు దాటిన మొదటి రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మాకైతే ఇప్పటికీ గుర్తుంది. ఆ దిగులుకు దేశభేదం లేదు.

స్కాలర్‌షిప్పు చదువు

ఆగ్స్‌బర్గ్‌లో ఆయనను చేరదీసిన బంధువు వృత్తి విద్యా పాఠశాలలో లెక్కల మాస్టారు. రుడాల్ఫ్ ఆ బడిలోనే చేరాడు. 14వ ఏటనే తాను ఇంజనీరునవుతానని తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. 1873లో తరగతిలో ప్రథముడుగా నిలిచి, ఆ ఊళ్ళోనే కొత్తగా పెట్టిన పారిశ్రామిక పాఠశాలలో చేరాడు.

1875లో మ్యూనిక్ నగరంలోని పాలిటెక్నిక్ వారు ఆయన ప్రతిభను చూసి స్కాలర్‌షిప్పు ఇచ్చారు. తల్లిదండ్రులకు అది నచ్చలేదు. ఇంట్లో గడవడం కష్టంగా ఉంది, కొడుకు ఏదైనా పనిలో చేరి నాలుగు డబ్బులు పంపితే బాగుంటుందని వాళ్ళ ఆలోచన. అది తప్పని అనలేం. మన ఇళ్ళలోనూ పదో తరగతి అయ్యాక ఇదే మాట వస్తుంది. రుడాల్ఫ్ మాత్రం స్కాలర్‌షిప్పు తీసుకుని చదువుకే మొగ్గాడు.

మ్యూనిక్‌లో ఆయనకు కార్ల్ ఫాన్ లిండే అనే గొప్ప గురువు దొరికాడు. శీతల యంత్రాలను, అంటే ఐసు తయారుచేసే యంత్రాలను అభివృద్ధి చేసిన శాస్త్రవేత్త ఆయనే. ఆవిరి యంత్రంలో ఎంత బొగ్గు తగలేసినా అందులోని వేడిలో పదో వంతు కూడా పనిగా మారడం లేదని లిండే పాఠంలో చెప్పాడు. మిగిలినదంతా పొగగొట్టం గుండా, గోడల గుండా వృథాగా పోతోంది. ఆ పాఠం విన్న విద్యార్థులు చాలామందే ఉంటారు. రుడాల్ఫ్ మాత్రం దాన్ని తన జీవిత సమస్యగా పెట్టుకున్నాడు. ఆ వృథాను తగ్గించే యంత్రం తాను చేయాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు.

1879లో చివరి పరీక్షల సమయానికి ఆయనకు టైఫాయిడ్ జ్వరం వచ్చింది. తోటివాళ్ళతోపాటు పరీక్ష రాయలేకపోయాడు. మళ్ళీ పరీక్ష జరిగేలోపు ఖాళీగా కూర్చోకుండా స్విట్జర్లాండులోని వింటర్‌థూర్ పట్టణంలో సుల్జర్ సోదరుల యంత్రశాలలో చేరి చేతిపని నేర్చుకున్నాడు. 1880 జనవరిలో పరీక్ష రాసి అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. సరిగ్గా ఆ 1879లోనే, ఆ వింటర్‌థూర్‌లోనే ఆల్ఫ్రెడ్ బ్యూకి అనే శిశువు జన్మించాడు. ఆ పేరు గుర్తుంచుకోండి. డీజిల్ వదిలేసిన ఒక పనిని తరువాత పూర్తిచేసింది అతనే.

ఐసు ఫ్యాక్టరీ నుంచి ఆసుపత్రి దాకా

చదువయ్యాక డీజిల్ తన గురువు లిండే కంపెనీలోనే చేరి, పారిస్‌లో ఐసు ఫ్యాక్టరీ నిర్మాణం చూశాడు. ఏడాది తిరిగేసరికి దానికే డైరెక్టరయ్యాడు. 1883లో మార్తా అనే యువతిని వివాహమాడాడు. వారికి ముగ్గురు పిల్లలు.

ఉద్యోగం చేస్తున్నా మనసు యంత్రం మీదే ఉండేది. నీటి ఆవిరికి బదులు అమ్మోనియా ఆవిరితో నడిచే ఇంజను కోసం ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. ఒకసారి ఆ యంత్రం పేలింది. ప్రాణాపాయం తప్పినా నెలల తరబడి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. చూపు కూడా దెబ్బతిన్నది. 1890లో కుటుంబంతో బెర్లిన్ చేరాడు. అక్కడే అమ్మోనియాను వదిలేసి, మామూలు గాలినే నమ్ముకోవాలన్న ఆలోచన గట్టిపడింది.

గాలిని నొక్కితే ఏమవుతుంది?

ఆ ఆలోచన ఏమిటో చెబుతాం. సైకిలు పంపు మూతిని వేలితో మూసి నాలుగుసార్లు గట్టిగా కొట్టండి. పంపు అడుగు భాగం వేడెక్కుతుంది. గాలిని చిన్న చోటులోకి కుక్కితే వేడి పుడుతుంది. ఇంకా గట్టిగా కుక్కితే ఆ వేడికి నూనె దానంతటదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కరలేదు, స్పార్కు ప్లగ్గు అక్కరలేదు.

ఎంత కుక్కుతున్నామో చెప్పే లెక్కనే కంప్రెషన్ రేషియో అంటారు. ఒక సిలిండరులో పిస్టన్ కింది నుంచి పైకి వచ్చేటప్పుడు 750 సిసి చోటును తుడుస్తుందనుకోండి. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక దాని తలకూ సిలిండర్ హెడ్డుకూ మధ్య 50 సిసి ఖాళీ మిగిలింది. అంటే మొదట 800 సిసిలో ఉన్న గాలి ఇప్పుడు 50 సిసిలో ఉంది. 800ను 50తో భాగిస్తే 16. ఆ ఇంజను కంప్రెషన్ రేషియో 16 అన్నమాట. ఎనిమిదో తరగతి లెక్క ఇది, భయపడనవసరం లేదు.

పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు ముందే కలిసి లోపలికి వెళతాయి. ఎక్కువ నొక్కితే సమయానికి ముందే అంటుకుని ఇంజను టకటక కొట్టుకుంటుంది. అందుకే దాని రేషియో తక్కువ. డీజిల్ గొప్పతనం ఎక్కడుందంటే, ఆయన ముందు గాలిని ఒక్కదాన్నే నొక్కాడు. గాలి బాగా వేడెక్కాక, సరైన క్షణంలో నూనెను లోపలికి కొట్టించాడు. నొక్కడం ఎక్కువైనకొద్దీ వేడిలో పనిగా మారే భాగమూ పెరుగుతుంది. లిండే పాఠానికి జవాబు అదే.

1892లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1893లో మంజూరైంది. అదే సంవత్సరం తన సిద్ధాంతాన్ని పుస్తకంగా ప్రచురించాడు. అయితే కాగితం మీద ఆయన కోరుకున్న పీడనం 250 అట్మాస్ఫియర్లు. అంటే మన చుట్టూ ఉన్న గాలికి 250 రెట్ల ఒత్తిడి. అంత ఒత్తిడిని ఆనాటి ఇనుము తట్టుకోలేదు. చాలామంది నవ్వారు. ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం అధిపతి హైన్రిఖ్ ఫాన్ బుజ్ మాత్రం నమ్మాడు. క్రుప్ కంపెనీ కూడా చేయి కలిపింది. అలా చిన్నప్పుడు ఒంటరిగా వచ్చి చేరిన ఆగ్స్‌బర్గ్‌కే ఇంజనీరుగా తిరిగి వచ్చాడు.

ఆగ్స్‌బర్గ్‌లో నాలుగేళ్ళు

1893 ఆగస్టు 10న మొదటి ఇంజనులో నూనె అంటుకుంది. ఆ దెబ్బకు పీడనం కొలిచే పరికరం పగిలి ముక్కలు ఎగిరాయి. ఇంజను తనంతట తాను తిరగలేదు. అయినా సిద్ధాంతం నిజమని తేలింది.

1894 ఫిబ్రవరి 17న రెండో ప్రయత్నంలో ఇంజను సుమారు ఒక నిమిషం పాటు తనంతట తాను తిరిగింది. అప్పటిదాకా ఫ్యాక్టరీ బెల్టు ఇంజనును తిప్పుతూ ఉండేది. ఆ క్షణంలో ఇంజనే బెల్టును లాగడం మొదలుపెట్టింది. దాన్ని గమనించిన ఒక పనివాడు మాట్లాడకుండా టోపీ తీసి గౌరవం చూపాడంటారు. శాస్త్రవేత్తకు మొదటి నమస్కారం ఒక కార్మికుడి నుంచి అందిందన్నమాట.

ఆ తరువాత మూడేళ్ళు విప్పడం, బిగించడం, విరగడం, మళ్ళీ చేయడంతోనే గడిచాయి. రింగుల పక్క నుంచి గాలి కారేది. నూనె సరిగా అంటుకోక నల్లని పొగ వచ్చేది. ఆ పనిలో డీజిల్ ఒక పెద్ద సంగతి నేర్చుకున్నాడు. ఎంత నొక్కగలమన్నది ఒక్కటే ప్రశ్న కాదు, లోహం ఎంతవరకు ఓర్చుకుంటుందన్నదీ చూడాలి. 250 అట్మాస్ఫియర్ల పట్టుదల వదిలేశాడు. దించుకుంటూ, దించుకుంటూ వచ్చి 30 అట్మాస్ఫియర్లకు కొంచెం పైన ఆగాడు. సిద్ధాంతంలో వెనక్కి తగ్గాడు కాబట్టే పనిలో ముందుకు వెళ్ళాడు.

1897 ఫిబ్రవరిలో మ్యూనిక్ ప్రొఫెసరు ష్రోటర్ ఆ మూడో ఇంజనును పరీక్షించాడు. పిస్టన్ వ్యాసం 250 మిల్లీమీటర్లు, స్ట్రోకు 400 మిల్లీమీటర్లు. ఒక్క సిలిండరుతో సుమారు 20 గుర్రాల బలం. వేడిలో 26.2 శాతం పనిగా మారింది. ఆవిరి యంత్రాలు 10 శాతానికి అటూ ఇటూ కొట్టుకుంటున్న రోజులవి. ప్రపంచమంతా ఆగ్స్‌బర్గ్ వైపు చూసింది.

ఆ రోజుల్లోనే, 1896లో, డీజిల్ మరో ఆలోచన కూడా పరీక్షించి చూశాడు. సిలిండరులోకి వెళ్ళే గాలిని బయటే కొంత నొక్కి పంపితే, అదే సైజు ఇంజనులో ఎక్కువ గాలి పడుతుంది. ఎక్కువ గాలి ఉంటే ఎక్కువ నూనె కాల్చవచ్చు, ఎక్కువ బలం వస్తుంది. ఆలోచన సరైనదే. కాని ఆయన దాన్ని ముందుకు తీసుకుపోలేదు.

కీర్తి, దాని వెనుక కష్టాలు

ఇంజను గెలిచాక డబ్బు వరదలా వచ్చింది. అమెరికా హక్కులకే 10 లక్షల మార్కులు వచ్చాయి. మ్యూనిక్‌లో భవనం కట్టుకున్నాడు. కాని తొందరపడి తయారుచేసి అమ్మిన తొలి ఇంజన్లు చెడిపోయి తిరిగి వచ్చాయి. పేటెంటు మీద కోర్టు కేసులు పడ్డాయి. తలనొప్పులు, నిద్రలేమితో ఆయన ఆరోగ్యం దెబ్బతిని, కొన్ని నెలలు ఆరోగ్య కేంద్రంలో గడపాల్సి వచ్చింది.

1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో డీజిల్ ఇంజనుకు అత్యున్నత బహుమతి లభించింది. ముప్పై ఏళ్ళ కిందట ఏ ఊరి నుంచి మూటాముల్లెతో వెళ్ళిపోయాడో ఆ ఊళ్ళోనే ఈ గౌరవం! ఆ ప్రదర్శనలోనే ఒక కంపెనీవారు చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. తరువాత డీజిల్ కూడా ఈ విషయం మీద ఆసక్తి చూపి, చెట్ల నుంచి వచ్చే నూనెలకు మున్ముందు మంచి రోజులు రావచ్చని అభిప్రాయపడ్డాడు. ద్వారకా తిరుమల చుట్టుపక్కల, పెదవేగి దారిలో ఆయిల్ పామ్ తోటలు చూసినప్పుడల్లా మాకు ఆయన ముందుచూపు గుర్తుకొస్తుంది.

ఆయన కేవలం యంత్రాల మనిషి కాదు. పెద్ద ఫ్యాక్టరీల ధాటికి చిన్న చేతివృత్తులవాళ్ళు చితికిపోతున్నారనీ, తక్కువ ఖర్చుతో నడిచే చిన్న ఇంజను ఉంటే వాళ్ళు నిలబడతారనీ ఆయన కోరిక. తోలు పనివాడి కొడుకు కదా! 1903లో కార్మికులు తమలో తాము కలిసి పొదుపు చేసుకుని, తమ పరిశ్రమలకు తామే యజమానులు కావాలని ఒక పుస్తకం రాశాడు. అది కొద్ది ప్రతులే అమ్ముడుపోయింది. ఇంజనేమో ముందు పెద్ద ఫ్యాక్టరీలకు, ఓడలకే వెళ్ళింది. 1912లో డెన్మార్కులో తయారైన సెలాండియా అనే ఓడ డీజిల్ ఇంజన్లతో మహాసముద్రాలు దాటింది. సన్నకారు రైతు గట్టు మీదికి ఆయన ఇంజను చేరేసరికి ఆయన లేడు.

చివరి ప్రయాణం

1913 నాటికి ఆయన ఆస్తి కరిగిపోయింది. పెట్టుబడులు మునిగాయి, అప్పులు పెరిగాయి. కాని ఆ సంగతి భార్యకు కూడా సరిగా చెప్పలేదు. పైకి అంతా బాగున్నట్టే ఉండేవాడు.

1913 సెప్టెంబరు 29 సాయంత్రం బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో ఇంగ్లండు వెళ్ళే డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. రాత్రి భోజనం చేసి, ఉదయం ఆరుంబావుకు లేపమని చెప్పి పది గంటలకు తన గదికి వెళ్ళాడు. ఉదయం చూస్తే గదిలో లేడు. ఆయన టోపీ, కోటు ఓడ మీద కనిపించాయి. పది రోజులకు సముద్రంలో ఒక శవం కనబడింది. జేబుల్లోని వస్తువులను చూసి కొడుకు తండ్రివేనని గుర్తుపట్టాడు. బయలుదేరేముందు ఆయన భార్యకు ఒక సంచి ఇచ్చి, వారం తరువాత తెరవమన్నాడు. తెరిస్తే అందులో కొంత నగదు, బ్యాంకు ఖాతాలు ఖాళీ అయిన కాగితాలు ఉన్నాయి.

ప్రమాదమా, ఆత్మహత్యా, ఎవరైనా హత్య చేశారా అన్నది నేటికీ తేలలేదు. ఆయన వయసు అప్పటికి 55 ఏళ్ళు.

ఆయన వదిలేసిన పని

ఇక ఆల్ఫ్రెడ్ బ్యూకి సంగతికి వద్దాం. డీజిల్ పని నేర్చిన సుల్జర్ కంపెనీలోనే అతనూ ఇంజనీరయ్యాడు. సైలెన్సరు గుండా వృథాగా పోతున్న వేడి పొగతోనే ఒక చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో గాలిని నొక్కి ఇంజనుకు పంపాలని ఆలోచించాడు. 1905 నవంబరు 16న దానికి పేటెంటు దరఖాస్తు చేశాడు. మనం ఇవాళ టర్బో అంటున్నది దాన్నే. నిజంగా పనిచేసేలా చేయడానికి అతనికి 20 ఏళ్ళు పట్టింది. 1925లో రెండు జర్మన్ ఓడల్లో టర్బో పెడితే, 1750 గుర్రాల బలమున్న ఇంజన్లు 2500 గుర్రాల బలం ఇచ్చాయి.

ఇక్కడే కంప్రెషన్ రేషియో చిక్కు వస్తుంది. మామూలు గాలిని 16 రేషియోతో నొక్కితే లెక్క ప్రకారం సుమారు 48 అట్మాస్ఫియర్లు వస్తుంది. టర్బో ముందే గాలిని రెండింతలు నొక్కి పంపితే అదే ఇంజనులో అది 97 అవుతుంది. ఇంకా నూనె అంటుకోలేదు సుమా! అంటుకున్నాక ఇంకా పెరుగుతుంది. పిస్టన్, రింగులు, కనెక్టింగ్ రాడ్డు, హెడ్డు బోల్టులు అన్నీ ఆ బరువు మోయాలి. అందుకని రేషియోను తగ్గిస్తారు. 12.5కు దించితే అదే టర్బోతో 69 దగ్గర ఆగుతుంది.

తగ్గించడం ఎలా? పిస్టన్ తల మీద ఉండే గిన్నెలాంటి గుంటను కొంచెం పెద్దది చేస్తారు. మనం పైన చెప్పిన ఇంజనులో 50 సిసి ఖాళీని 65 సిసి చేస్తే రేషియో 16 నుంచి 12.5కు వస్తుంది. తేడా 15 సిసి, అంటే ఒక పెద్ద చెంచాడు! అలాగని ఇష్టమొచ్చినట్టు దించకూడదు. మరీ తగ్గితే తెల్లవారుజామున చలిలో గాలి చాలినంత వేడెక్కక ఇంజను స్టార్టు కాదు, తెల్లపొగ కక్కుతుంది, నూనె ఎక్కువ తాగుతుంది. పెంచితే విరుగుడు, తగ్గిస్తే మొరాయింపు. నడిమధ్యన సరైన చోటు పట్టుకోవడమే ఇంజనీరు పని.

ఈ లెక్క మన ఊరి మీదుగా కూడా నడిచింది. విజయవాడ, విశాఖపట్నం రైలు మార్గానికి కరెంటు రాకముందు ఏలూరు, తాడేపల్లిగూడెం స్టేషన్లలో డీజిల్ ఇంజన్లు రైళ్ళను లాగేవి. వాటిలో పేరున్నది డబ్ల్యుడిఎం-2. 1962లో అమెరికా నుంచి వచ్చి, తరువాత మన వారణాసిలో తయారైంది. 16 సిలిండర్లు, 2600 గుర్రాల బలం, టర్బో ఉంది, కంప్రెషన్ రేషియో సరిగ్గా 12.5. మన పెద్దవాళ్ళు ఆ రైలెక్కి ప్రయాణం చేసినవాళ్ళే.

మేము చేసిన తప్పు

ఇదంతా మేము పుస్తకంలో చదివే నేర్చుకున్నామంటే అబద్ధమవుతుంది. పనిలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక షెడ్డుకు మెట్ట ప్రాంతం నుంచి ఒక కౌలు రైతు పాత ట్రాక్టరు తెచ్చాడు. దానికి ఇంకొంచెం బలం కావాలన్నాడు. పాత సామాన్ల దుకాణంలో దొరికిన ఒక టర్బోను మేమే బిగించాం. పంపులో నూనె కూడా పెంచాం. పిస్టన్ల జోలికి పోలేదు. రేషియో లెక్క ఎవరమూ వేయలేదు. బండి రెండు వారాలు ఏనుగులా లాగింది. మాకు గర్వం తలకెక్కింది. మూడో వారంలో దుక్కి మధ్యలో ఆగిపోయింది. విప్పి చూస్తే ఒక పిస్టన్ తల అంచు మైనంలా కరిగి ఉంది. పై రింగు మూడు ముక్కలైంది. సిలిండరు నిండా గీతలు.

అది దుక్కుల కాలం. ఆ రైతు అద్దెకు వేరే ట్రాక్టరు పెట్టుకోవలసి వచ్చింది. ఆయన మమ్మల్ని తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది. ముగ్గురం జీతాలు కలిపి సామాను కొన్నాం. ఈసారి పని తెలిసిన పెద్ద మేస్త్రీ దగ్గర కూర్చుని నేర్చుకున్నాం. అదే ఇంజనుకు టర్బోతో వచ్చే రకం పిస్టన్లు వేశాం. వాటి గుంట పెద్దది, పై రింగు కూర్చునే గాడికి గట్టి ఇనుప పట్టీ ఉంటుంది. పిస్టన్ కింది నుంచి ఆయిలు చిమ్మి చల్లబరిచే జెట్లు పెట్టాం. వేడికి సాగినా అతుక్కోకుండా రింగు చివరల మధ్య సందు కొలిచి ఉంచాం. నూనె పంపును బెంచి మీద సరిచేయించాం. అప్పుడు ఇంజను నిలబడింది. డీజిల్ నాలుగేళ్ళలో నేర్చిన పాఠం మాకు ఒక పిస్టన్ కరిగితే గాని అర్థం కాలేదు.

తమ్ముళ్ళకు మా మాట

మన భాషలో ఇంజనులో ఉన్నదీ ఒత్తిడే, మనిషి మనసు మీద ఉన్నదీ ఒత్తిడే. డీజిల్ జీవితం చదివినప్పుడు మాకు ఇదే తట్టింది. లోహం ఎంత ఓర్చుకుంటుందో కొలిచి, 250 నుంచి 30కి దిగివచ్చి, ప్రపంచానికి ఇంజను ఇచ్చిన మనిషి, తన మీద పడ్డ ఒత్తిడి ఎంతో ఎవరికీ చెప్పలేదు. అప్పుల సంగతి భార్యకు చెప్పి ఉంటే, స్నేహితుల్ని పిలిచి ఉంటే ఏమయ్యేదో మనకు తెలియదు. కాని చెప్పకపోవడం మంచిది కాదని మాత్రం తెలుసు.

మీకూ ఒత్తిళ్ళు ఉంటాయి. పదో తరగతి పరీక్షలు, ఇంటి దగ్గర అప్పులు, నాన్న ఆరోగ్యం, ఇంకా చదవాలా పనికి పోవాలా అనే ప్రశ్న. కొంత ఒత్తిడి లేకపోతే ఇంజను స్టార్టు కానట్టే, కొంత కష్టం లేకపోతే చదువూ ముందుకు సాగదు. కాని హద్దు దాటుతున్నట్టు అనిపిస్తే లోపలే దాచుకోకండి. వార్డెన్ గారికి చెప్పండి, మాస్టారికి చెప్పండి, పక్క పెట్టె స్నేహితుడికి చెప్పండి. ఎవరూ దొరక్కపోతే మా షెడ్డుకు రండి. టీ తాగుతూ మాట్లాడుకుందాం. పక్కవాడు మౌనంగా ఉంటే మీరే వెళ్ళి పలకరించండి. సిలిండర్ హెడ్డుకు ఎన్నో బోల్టులుంటాయి. అన్నీ కలిసి బరువు పంచుకుంటాయి కాబట్టే అది నిలబడుతుంది.

ఇకమీదట బస్సెక్కి భీమడోలు వైపు వెళుతున్నప్పుడు ఆ ఇంజను చప్పుడు వింటే, స్కాలర్‌షిప్పు మీద చదివిన ఆ తోలు పనివాడి కొడుకును ఒక్కసారి తలచుకోండి. రేపు మీలో ఒకరి పేరును కూడా జనం రోజూ పలకాలని మనసారా కోరుకుంటూ,

ఇట్లు
మీ అన్నలు,
ద్వారకా తిరుమల హాస్టల్ పూర్వ విద్యార్థులు